మెడమీది గొట్టం

దసరానాడు మా అక్క కుంకుడుకాయలు కొట్టి నానబెట్టింది. "పండుగపూట తలకు పోసుకోకుంటె ఎట్లరా తమ్మీ?" అని ఆమె బాధ. బావ మెడకు కుడిపక్క తెల్లని కట్టు, దానికింద రెండు మూతల గొట్టం. మూత్రపిండాలు పని మానుకున్నవి గనుక, వారానికి మూడుమార్లు సిరికొండనుంచి నిజామాబాదు వెళ్లి నెత్తురు శుద్ధి చేయించుకుని వస్తాడు.

అక్కను తప్పుపట్టే మొగం నాకు లేదు. నెలక్రితం ఉక్కపోతకు తాళలేకున్నాడని బావ నెత్తిన చెంబులతో నీళ్లు పోసినవాణ్ణి నేనే. కట్టు తడిస్తే, అదే ఆరుతుందిలే అన్నాను. మూడోనాడు డయాలిసిస్ మొదలైన కాసేపటికే బావకు వణుకు, పళ్లు టకటకలాడాయి. మామూలు చలిజ్వరమని నర్సమ్మ ఊరుకోలేదు. నెత్తురు పరీక్షకు పంపారు, మందెక్కించారు, ఆస్పత్రిలోనే ఉంచారు. ఆ గొట్టం కొస గుండెదాకా పోతుందట! చర్మంమీది క్రిములకు అంతకన్న రాజబాట ఏముంది? ఎం.ఏ. చదివి ఏం లాభం!

ఇప్పుడు ఒంటికి తడిగుడ్డే. కట్టు తడిసినా ఊడినా మేము ముట్టుకోము. డయాలిసిస్ వారికి ఫోను చేస్తాము. మూతలు అక్కడ తప్ప తెరవకూడదు; తెరిచేటప్పుడు నర్సమ్మకూ బావకూ కూడా మాస్కు. ఊళ్లో ఎవరైనా సూదిమందు అందులోంచి ఎక్కిస్తామంటే దణ్ణం పెట్టి పంపుతాము. వణుకు పుడితే, అర్ధరాత్రయినా ఆస్పత్రికే.

ఎడమచేతికి ఫిస్టులా చేశారు. ధమనిని సిరతో కలిపే ఆ ఉపాయం 1966లో న్యూయార్కు వైద్యులు లోకానికి చెప్పినది. అది ముదరడానికి వారాలు, ఒక్కొక్కప్పుడు నెలలు. అందాకా ఈ గొట్టమే గతి.

బావను మంచంమీద వెల్లకిలా పడుకోబెట్టి, తల అంచుకు జరిపాము. మెడదగ్గర పొడి తువ్వాలు నేను పట్టుకున్నాను. అక్క రసం గిన్నె ఎత్తింది.

"కండ్లల్ల పోయకే!" అన్నాడు బావ.