సేవాపత్రములో లేని మాట

శకుంతల కథ నెఱుగనివారు మన యిండ్లలో నుండరు. భారతములో నామె దుష్యంతుని సభలో నిలిచి సత్యము చెప్పినపుడు ఆకాశవాణి ఆమెకు సాక్ష్యము పలికినది. కాళిదాసు నాటకములో ఆ పని ఉంగరము చేసినది. అది పోయినపుడు ఇల్లాలు పరాయిదైనది. చేప కడుపున దొరికినపుడు రాజునకు జ్ఞాపకము వచ్చినది. ఈ నెల మేము చెప్పదలచినది ఉంగరము పోయినవారిని గూర్చియే. యుద్ధమునకు పోయి వచ్చిన సైనికుడు "నేను ఫలానా రణభూమిలో నుంటిని, నాకు ఫలానా పతకము రావలెను" అన్నపుడు కార్యాలయమువారి కాగితము "లేదు" అన్నచో, ఆతని గతియు శకుంతల గతియే. మన కాలమున ఆకాశవాణి పలుకదు, కాగితమే పలుకవలెను. కాగితము తప్పు పలికినపుడు దానిని దిద్దించుట యెట్లు? అమెరికా దేశమువారు ఈ విషయమున చేసికొనిన యేర్పాటులు, వారి చరిత్రలో జరిగిన కొన్ని సంగతులు మనకును తెలియదగినవి.

ఆ దేశములో సైన్యసేవ ముగించి యింటికి వచ్చువారికి నొక పత్రము నిత్తురు. దానికి డీడీ 214 అని పేరు. 1950 నుండి అది వాడుకలో నున్నది. సేనలో చేరిన దినము, విడిచిన దినము, చేసిన పని, సముద్రము దాటి గడపిన కాలము, పొందిన పతకములు, విడుదల యే రీతిని జరిగినది అను సంగతులన్నియు నందులో గడులు గడులుగా నుండును. వైద్యసహాయము గాని, ఇల్లు కొనుటకు ప్రభుత్వపు పూచీ గాని, ఉద్యోగములో ప్రాధాన్యము గాని, తుదకు జాతీయ శ్మశానవాటికలో ఆరడుగుల నేల గాని కావలెనన్నచో చూపవలసిన పత్రమదియే. కావున ఆ గడులలో నొక్క మాట లోపించినను ఆ లోపము బ్రదికినంత కాలమును, ఆ తరువాతను వెంటాడుచునే యుండును.

ఇట్టి లోపమునకు ఒకరి దురుద్దేశమే కారణము కానక్కఱలేదు. ఒక దళమువానిని కొన్ని నెలలపాటు వేఱొక దళమునకు తోడుగా పంపుదురు. ఆతని పేరు మాత్రము పాత పట్టికలోనే నిలిచిపోవును. పతకము నిచ్చుచు ఉత్తరువు పుట్టునప్పటికి ఆతడు విడుదలయై యింటికి చేరియుండును. పత్రముమీద సంతకము అంతకు ముందే పడియుండును. ఒక గుమాస్తా అంకె నొకదానిని తాఱుమాఱు చేయును. తరువాతివారందఱును దానినే చూచి వ్రాయుదురు. ఇందులో నింకొక చిక్కు గలదు. యుద్ధరంగముల పేర నిచ్చు పతకములు పెక్కింటికి, ఫలానా తేదీలలో ఫలానా ప్రదేశమున నుండినవారే అర్హులు. అందుచేత, ఎక్కడికి పంపిరో తెలుపు గడి ఖాళీగా నున్నచో పతకముల గడియు దానితోపాటు ఖాళీ యగును. మొదటిది నిరూపించిన గాని రెండవది చేతికి రాదు.

స్త్రీలమైన మనకు ఈ సందర్భమున మేరీ ఎడ్వర్డ్స్ వాకరు చరిత్రము ముఖ్యముగా తెలియవలెను. ఆమె న్యూయార్కు రాష్ట్రమున 1832లో జన్మించి, 1855లో వైద్యవిద్య ముగించినది. 1861లో అమెరికాలో అంతర్యుద్ధము పుట్టగా, గాయపడినవారికి చికిత్స చేయుదునని ముందునకు వచ్చినది. స్త్రీ యగుటచేత ఆమెకు సైన్యాధికారి పదవి నీయక, తుదకు ఒడంబడికపై వైద్యురాలిగా మాత్రము నియమించిరి. 1864 ఏప్రిలులో ఆమె శత్రువుల చేజిక్కి, రిచ్మండు నగరపు చెఱసాలలో నాలుగు నెలలు గడపినది. 1865లో అధ్యక్షుడైన ఆండ్రూ జాన్సను ఆమెకు మెడల్ ఆఫ్ ఆనర్ అను పతకము నొసగెను. ఆ దేశపు సైనిక పురస్కారములలో అంతకు మించినది లేదు.

ఏబదిరెండేండ్లు గడచిన పిమ్మట, అనగా 1917లో, సైన్యమువారు ఆ పతకము పొందినవారి జాబితాను తిరుగవేసి 911 పేర్లు కొట్టివేసిరి. అందులో వాకరు పేరొకటి. ఒడంబడికపై పనిచేసినది గనుక ఆమె సైనికురాలు కాదని వారి వాదము. పదవి నీయనిదియు వారే; పదవి లేదని పతకము తీసివేసినదియు వారే! ఆమె మాత్రము పతకమును తిరిగి యీయలేదు. 1919లో కన్నుమూయువఱకు దానిని ధరించుచునే యుండెను. 1977లో సైన్యపు రికార్డులను దిద్దు మండలి మూలముగా ఆమె పేరు మరల జాబితా కెక్కినది. అప్పటి కామె గతించి 58 ఏండ్లు. నేటివఱకు ఆ పతకము పొందిన స్త్రీ ఆమె యొక్కతెయే. 2024లో ఆమె రూపమును పావు డాలరు నాణెముపై ముద్రించిరి.

ఆ 1977లోనే వేఱొక అన్యాయమునకు గూడ చట్టముచేత విముక్తి కలిగినది. మొదటి ప్రపంచయుద్ధములో, 1918లో, జనరలు పెర్షింగు కోరికమీద ఫ్రెంచి, ఇంగ్లీషు భాషలు రెండును వచ్చిన స్త్రీలను టెలిఫోను పనికై ఫ్రాన్సుకు పంపిరి. వారు సైనికులవలెనే ప్రమాణము చేసిరి. సైనిక దుస్తులు తొడిగిరి. కొందఱు యుద్ధరంగమునకు చేరువనే పనిచేసిరి. తిరిగి వచ్చిన పిమ్మట "మీరు పౌర ఉద్యోగినులు గాని సైనికులు కారు" అని వారికి విడుదల పత్రములు నీయలేదు. వారిలో మెర్లి ఈగన్ ఆండర్సను అను నామె దశాబ్దముల తరబడి అర్జీలు పెట్టుచునే యుండెను. పత్రములు వచ్చుట 1979లో. అప్పటికి బ్రదికియున్నవారు కొందఱే. రెండవ ప్రపంచయుద్ధములో సైన్యపు విమానములను నడపిన స్త్రీలకును ఆ చట్టమే దారి చూపినది. ఆ వైమానికురాండ్రలో 38 మంది విధినిర్వహణములో మృతినొందగా, పౌరులని చెప్పి వారికి సైనిక మర్యాదలతో అంత్యక్రియలు జరుపలేదు. బ్రదికినవారు గౌరవము పొందిరి సరే. ముందే పోయినవారి తల్లులకు ఆ గౌరవము నెవరు తెచ్చి యిత్తురు? ఆలస్యముగా వచ్చిన న్యాయమునకు ఈ కొఱత యెప్పుడును తీరదు.

ఇక దిద్దించు విధానము. పూర్వము ఇట్టి దిద్దుబాటు కావలెనన్నచో శాసనసభలో ఒక్కొక్కరి పేర ప్రత్యేకముగా చట్టము చేయింపవలసియుండెను. 1946లో ఆ సభవారు ఆ భారమును దించుకొని, సైనిక శాఖలలో దిద్దుబాటు మండలులు ఏర్పడుటకు చట్టము చేసిరి. ఈ మండలులలో కూర్చుండువారు పౌరులు. చిన్న లోపమైనచో, అనగా పతకమునకు ఉత్తరువు స్పష్టముగా నుండి పత్రములో నెక్కకపోయినచో, మండలి వఱకు పోనక్కఱలేదు. సంబంధించిన శాఖవారే డీడీ 215 అను సవరణ పత్రము నిత్తురు. వివాదముగల విషయమైనచో డీడీ 149 అను అర్జీ నింపి మండలికి పంపవలెను. దీనికి రుసుము లేదు. వకీలు ఉండితీరవలెనను నియమమును లేదు. తప్పు తెలిసిన మూడేండ్ల లోపల అడుగవలెనని చట్టము. న్యాయము కోరినచో ఆ గడువును మన్నించు అధికారము మండలికి గలదు. సైనికుడు మరణించినను, తానై అర్జీ పెట్టుకొనలేని స్థితిలో నున్నను, భార్య గాని దగ్గఱి బంధువులు గాని ఆతని పక్షమున అడుగవచ్చును.

అయితే కార్యాలయపు వ్రాత సరియైనదనియే మండలి మొదట నెంచును. తప్పని నిరూపించు భారము అర్జీదారునిదే. కావున కన్నీటితో నింపిన పది పుటలకంటె తేదీ గల యొక్క ఉత్తరువు మేలు. ప్రయాణపు బత్తెముల లెక్కలు, యుద్ధరంగములో నున్నందులకు నెలజీతముతో నిచ్చిన అదనపు సొమ్ము, ఆస్పత్రి చీట్లు, దళపు దినచర్య పట్టికలు, కన్నులార చూచిన సహచరుల వాఙ్మూలములు, ఇవి సాక్ష్యములు. "విన్నాము" అనువాని మాటకంటె "చూచితిని" అనువాని మాట బరువు. ఏ గడిలో ఏ మాటకు బదులు ఏ మాట ఉండవలెనో విడమరచి వ్రాయవలెను. మొదటిసారి కాదన్నను, క్రొత్త సాక్ష్యము దొరికినపుడు మరల అడుగవచ్చును.

అసలు రికార్డే కాలిపోయినచో? అదియు జరిగినది. 1973 జూలై 12వ తేదీన, సెంట్ లూయీ నగరము చెంతనున్న సైనిక రికార్డుల భవనములో నిప్పంటుకొని కోటి అఱువది లక్షలకు పైగా కట్టలు పాడైనవి. 1912 నవంబరునకును 1960 జనవరికిని నడుమ సైన్యమును విడిచినవారి రికార్డులలో నూటికి ఎనుబది నశించినవి. వానికి నకళ్లు లేవు. అంతటితో కథ ముగిసినదని పెక్కుమంది ఆశ వదలుకొనిరి. కాని జీతముల పుస్తకములు, ఆస్పత్రుల లెక్కలు, దళములు ప్రతి యుదయమున వ్రాసికొను హాజరు పట్టికలు వేఱుచోట్ల మిగిలియుండుటచేత, వాని నుండి ఏరికూర్చి యెందఱి సేవనో మరల నిరూపించుచున్నారు. కొందఱి విషయములో ఇంటి పెట్టెలో భార్య దాచియుంచిన కాగితమే మిగిలిన సాక్ష్యము.

ఈ కడపటి మాటయే మన యిండ్లకు సంబంధించినది. మన తెలుగుసీమలో సైనికులకు కొదువ లేదు. పశ్చిమ గోదావరి జిల్లాలోని మాధవరమునకు మిలిటరీ మాధవరమనియే ప్రసిద్ధి. మా వీథిలో నొక వృద్ధురాలున్నది. ఆమె భర్త 1971 యుద్ధములో తూర్పు రంగమున నుంటినని చెప్పుచుండెడివాడట. ఆ రంగములో సేవచేసినవారికి మన ప్రభుత్వము పూర్వీ స్టార్ అను పతకము నేర్పఱచినది. ఆయన డిశ్చార్జి పుస్తకములో దాని మాటయే లేదు. ఆయన పోయి చాల కాలమైనది. ఒకనాడామె పుస్తకము చెంగున చుట్టుకొని మా యింటికి వచ్చి, "అమ్మా, డబ్బు కోసం కాదు. తాత యుద్ధానికి పోనేలేదని మనవడు నవ్వుతున్నాడు. ఆ మాట పడలేకుండా ఉన్నాను" అన్నది.

మేమును మా వారును ఆమె పెట్టె విప్పించి చూచితిమి. అడుగున, పెండ్లిచీర మడతలో, ఆ యేటి ఉత్తరములు నాలుగు దొరికినవి. వానిమీద ఊరి పేరు లేదు. సేనా తపాలా అంకెయు తేదీయు మాత్రమే యున్నవి. ఆ తేదీన ఆ అంకె యే దళమునకు చెందినదో, ఆ దళమెక్కడ నుండినదో చెప్పగలవారు సైన్యమువారే. ఆయనతో కలిసి పనిచేసిన మిత్రుని వాఙ్మూలమును జతపఱచి, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయము ద్వారా ఆయన రెజిమెంటు రికార్డు ఆఫీసునకు అర్జీ పంపితిమి. సమాధానమింకను రాలేదు. ఆ నాలుగు ఉత్తరములను మనవడే మాకు చదివి వినిపించినాడు. మూడవదానిలో తాత "చలికి చేతులు రావడం లేదు, అక్షరాలు సరిగా లేవు, ఏమనుకోకు" అని వ్రాసిన చోట వాని కంఠము ఆగిపోయినది. అటుపిమ్మట వాడు నవ్వుట మేము చూడలేదు.

కావున సోదరీమణులకు మా మనవి యిది. ఇంట సైనికుడున్నను, ఒకప్పుడుండినను, ఆయన డిశ్చార్జి పుస్తకమును, పింఛను ఉత్తరువును ఒకమాఱు తెఱచి, గడి గడియు చదువుడు. మీ పేరు, బిడ్డల పేర్లు ఇతర పత్రములలో నున్నట్లే యున్నవా? వెళ్లిన చోట్లు, వచ్చిన పతకములు ఎక్కినవా? లోపమున్నచో ఆయన జీవించియుండగానే అడిగించుడు. ఏ నెలలో ఎక్కడ నుండిరో, ఎవరితో నుండిరో ఆయన నోటనే విని వ్రాసికొనుడు. మిత్రుల పేర్లు, దళపు అంకెలు ఆయనతోనే మఱుగుపడనీయకుడు. అసలు కాగితములు చేతి నుండి విడువక నకళ్లే పంపుడు. పంపిన తేదీ వ్రాసి పెట్టుకొనుడు. రికార్డు ఆఫీసువారు కాదన్నచో, 2007 నాటి చట్టముచే ఏర్పడిన సాయుధ దళముల ట్రిబ్యునలు గలదు. అన్నిటికంటె ముఖ్యముగా, రావలసినదానినే అడుగుడు. లేని గొప్ప నొక్క అక్షరమైనను చేర్పకుడు. ఒకరు కల్పించి చెప్పిన వీరత్వము నూర్గురి సత్యమును అనుమానమున పడవేయును.

పాత ఉత్తరములు పోపులపెట్టె వెనుకను, అటుకమీదను చెదలకు విడిచిపెట్టుట మన యిండ్లలో వాడుక. ఏ కాగితము ఏనాడు శకుంతల ఉంగరమగునో యెవరికి తెలియును? ఈ దీపావళికి ఇల్లు దులుపునపుడు, చీపురు పట్టకముందు ఆ పెట్టె నొకమాఱు విప్పి చూడుడు.