తాత బండికి మళ్ళీ పెట్రోలు ఇంజను వద్దు

పోయిన నెల చిన్నాయన తిరుత్తంగల్ నుండి ఇంటి వాట్సాప్ గుంపులో ఒక ఫోటో పెట్టినాడు. కోయంబత్తూరులో ఎవరిదో పాత సామాన్ల షెడ్డు. అందులో హరికేన్ పెట్రోలు ఇంజను ఒకటి, తుప్పంతా గీకి ఆకుపచ్చ రంగు కొట్టి పెట్టిండారు. ఫోటో కింద ఒకటే మాట: "కొందామా?" అర్ధ గంటలో పదకొండు మంది బొటనవేలు ఎత్తినారు. మేము ఎత్తలేదు. ఎందుకు ఎత్తలేదో గుంపులో నాలుగు ముక్కల్లో చెప్పేది కాదు, అందుకే ఇక్కడ రాస్తున్నాము. మా నాయన శివకాశి క్యాలెండర్లు అమ్మను బెంగళూరుకి పొయ్యి అక్కడే నిలిచిపోయినాడు. మేము చదివింది కన్నడ మీడియం, తెలుగు అక్షరాలు కన్నడ అక్షరాల పోలికతో పట్టుకున్నవి. తప్పులుంటే సైరించండి.

బండి సంగతి తెలియని బంధువులకు కొంచెం చెప్పాల. అది మహీంద్రా ఎఫ్.సి.-150 పికప్. జీపు చట్రం మీదనే మూతి లేకుండా చేసిన బండి. డ్రైవరు ఇంజను పక్కనే కూర్చుంటాడు, కాలికి సెగ తగులుతానే ఉంటుంది. 1971లో రిజిస్టరు అయ్యింది. తాత దాన్ని పాతదిగానే కొని, తిరుత్తంగల్‌కీ కోవిల్‌పట్టికీ మధ్య అగ్గిపుల్లల మూటలు, అట్టపెట్టెలు తోలినాడు. దానిలో ఉండింది 2,199 సి.సి. పెట్రోలు ఇంజను. పెట్రోలు ధర తాత నడ్డి విరిచింది. 1991లో నుజ్జయిపోయిన ఒక జీపు నుండి 2,112 సి.సి. ప్యుజో డీజిల్ ఇంజను ఊడదీయించి దీనిలో పెట్టించినాడు. పాత ఇంజను తూకానికి పోయింది.

ఇది మా తాత ఒక్కడు చేసిన వింత కాదు. ఆ కాలంలో అంబాసడర్లు, జీపులు, పాత లారీలు ఎన్నో ఇట్లనే డీజిల్‌కు మారినాయి. మద్రాసు సింప్సన్ కంపెనీ వాళ్ళ పెర్కిన్స్ ఇంజన్లు ఎన్ని పాత పెట్రోలు లారీలలోకి ఎక్కినాయో పెద్దవాళ్ళను అడగండి. అమెరికాలో ఉండే మన పిల్లలు షెవర్లే సి-10 పికప్‌లో ఎల్.ఎస్. వి-8 ఇంజను పెట్టిన వీడియోలు పంపుతారు. అది వేగం కోసం, సోకు కోసం. మనవాళ్ళది కూలి గిట్టను. అంత మాత్రాన మనది తక్కువ పని అని మేము ఒప్పుకోము.

కష్టమైన పని కూడా. ఇంజను దించి ఇంకొకటి ఎక్కించడం అంటే నాలుగు బోల్టులు బిగించడం కాదు. రెండు ఇంజన్ల వెనక తట్టు బోల్టు రంధ్రాలు కలవవు. గేరుబాక్సుకూ ఇంజనుకూ మధ్య లేతులో కోసిన ప్లేటు పెట్టాల. ఆ ప్లేటు వెంట్రుకవాసి పక్కకు జరిగినా క్లచ్ అదురుతుంది, షాఫ్టు బేరింగు తింటుంది. డీజిల్ ఇంజను బరువు ఎక్కువ, ముందు కట్టలు కుంగుతాయి, స్టీరింగు గట్టిపడుతుంది. రేడియేటరు చాలదు. పెట్రోలు ఇంజను గాలి పీల్చేటప్పుడు పుట్టే వ్యాక్యూమ్ డీజిల్‌లో పుట్టదు, ఎందుకంటే దానిలో గాలికి అడ్డం పడే తలుపు ఉండదు. అందుకని ఆ వ్యాక్యూమ్‌ను నమ్ముకున్నవన్నీ, బ్రేకు బూస్టరైనా పాతకాలం వైపరైనా, వేరే పంపు పెట్టకపోతే చచ్చిపోతాయి.

మా బండిలో వైపరు అట్లనే చచ్చింది. ఇంజను మార్చిన మూడో నెలలో, సాత్తూరు దాటినాక వాన పట్టుకుంటే తాత పొగాకు తడిపి అద్దానికి రుద్దుకుంటా వచ్చినాడంట. ఈ కథ ఇంట్లో నవ్వుతా చెప్తారు. మేము సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉద్యోగం చేస్తాము, మాకు నవ్వు రాదు. ఒక చోట మారిస్తే, మార్చని చోట ఏమి విరిగిందో వెతకడమే మా కూడు. ఇంజను మార్చినోడు వైపరును ముట్టలేదు, అయినా విరిగింది వైపరే.

సైలెన్సరు సంగతి ఇంకా చెడ్డది. మొదట గొట్టాన్ని వెనక్కి, సరుకు కిందనే పోనిచ్చినారు. పైన అగ్గిపుల్లల మూటలు, కింద కాలే గొట్టం! అవ్వ చూసి, ఇట్లయితే బండి గడప దాటేది లేదని అడ్డం కూర్చునిందంట. మెకానిక్ గొణుక్కుంటా గొట్టాన్ని ముందరికి తిప్పినాడు. మా లెక్కలో ఆ బండికి మొదటి టెస్టరు అవ్వ.

ఇప్పుడు చిన్నాయన వాదం. 2021లో కేంద్రం పాత బండ్లకు ఒక నియమం తెచ్చింది: మొదటి రిజిస్ట్రేషన్ అయ్యి 50 ఏండ్లు దాటిన రెండు చక్రాల, నాలుగు చక్రాల బండ్లకు వింటేజ్ అనే గుర్తింపు, నంబరులో 'వి.ఎ.' అక్షరాలు. కొత్త రిజిస్ట్రేషన్‌కు రుసుము 20,000 రూపాయలు, పదేండ్లకు చెల్లుతుంది. బాడుగకు తోలకూడదు, దినామూ రోడ్డుకు తీయకూడదు. (అదే ఏడు మా తిరుత్తంగల్ మునిసిపాలిటీ కూడా పొయ్యి శివకాశి కార్పొరేషన్‌లో కలిసింది, ఊరికే రిజిస్ట్రేషన్ మారింది.) అయితే షరతు ఒకటి ఉండాది. బండి అసలు రూపంలో ఉండాల, చట్రం, బాడీ, ఇంజను మార్చి ఉండకూడదు. కాబట్టి పెట్రోలు ఇంజను తెచ్చి పెడితే తాత బండికి గౌరవమైన నంబరు వస్తుంది అంటాడు చిన్నాయన.

ఆయన భయంలో న్యాయం ఉండాది, దాచము. పోయిన పెరటాసి శనివారం నిన్ర నారాయణ పెరుమాళ్ గుడికి మా అన్న కొడుకు ఈ బండి తీసినాడు. వెనక ఆరుగురు పిల్లకాయలు. కొండ దగ్గర బ్రేకు తొక్కితే కాలు నేలదాకా పోయింది, రెండోసారి తొక్కినాక నిలిచింది. ఏమైనా జరిగి ఉంటే? ఆర్.సి.లో పెట్రోలు, బండిలో డీజిల్. ఇన్సూరెన్సు వాళ్ళు ఆ కాగితం చూసినాక ఏమంటారో వేరే చెప్పాలా? 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, అనుమతి లేకుండా ఇంజను మారిస్తే 14 దినాల్లో తెలపాల. తాత ముప్పై ఏండ్ల పైన ఆలస్యం. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా, కేరళ నుండి వచ్చిన కేసులో, తయారు చేసినోళ్ళ వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదని చెప్పింది. మా ఎఫ్.సి.కి ఎఫ్.సి. లేదు అని పిల్లకాయలు ఎగతాళి చేస్తారు. ఎగతాళే గాని నిజం.

అయినా కోయంబత్తూరు ఇంజను దీనికి జవాబు కాదు. ఆర్.సి.లో ఉండే ఇంజను నంబరు తూకానికి పోయిన ఇంజనుది. ఇప్పుడు తెచ్చేది ఎవరిదో బండిలోది, దాని నంబరు వేరే. అంటే అది కూడా ఇంజను మార్పిడే కదా? మొదటిది కూటి కోసం చేసినాము, రెండోది కాగితం కోసం చేస్తాము. అసలు రూపం అని చెప్పి చూపిస్తే అది అబద్ధం. ఆ కంపెనీ వాళ్ళే తమ జీపులలో పెట్రోలు తీసి డీజిల్, అదీ ఒక రకం తర్వాత ఇంకొక రకం పెట్టుకుంటా వచ్చినారు. ఇల్లు కూడా అట్లనే కదా. గోడ మన తాతలది, వంటిల్లు మొన్న కట్టింది.

తప్పు చట్టంలో కూడా ఉండాది అని మా అభిప్రాయం. మన దేశంలో బండి ఒకటి అసలుదైనా కావాల, లేదా దొంగదైనా కావాల; మధ్యలో తావు లేదు. బ్రిటన్‌లో మార్చిన బండ్లకు ఎన్నో ఏండ్లుగా పాయింట్ల లెక్క వాడినారు: అసలు చట్రానికి 5, సస్పెన్షన్‌కు, యాక్సిళ్ళకు, గేరుబాక్సుకు, స్టీరింగుకు రెండేసి, ఇంజనుకు 1. మొత్తం 14లో 8 వస్తే పాత నంబరు నిలిచేది. చూడండి, అన్నిటికన్నా తక్కువ విలువ ఇంజనుకే. కాలిఫోర్నియాలో ఇంజను మార్చిన బండిని రెఫరీ దగ్గరికి తీసుకుపోవాల. పెట్టిన ఇంజను బండికన్నా పాతది కాకూడదు, పొగ తగ్గించే సామాను అన్నీ ఉండాల. సరిగ్గా ఉంటే చీటీ అంటిస్తారు. అంతే, దొంగతనం కాస్తా దాఖలా అయిపోతుంది. ఇక్కడ కూడా ఎప్పుడో మారిన పాత బండ్లకు బ్రేకు, స్టీరింగు, పొగ పరీక్షించి, "మార్చిన బండి" అని ఆర్.సి.లో రాసిచ్చే దారి ఒకటి ఉంటే ఎంత బాగుండు. దానికి రుసుము 20,000 కాదు, ఇంకా ఎక్కువైనా కడతాము.

ఆ దారి వచ్చేదాకా బండి రోడ్డెక్కకూడదు. ఇది చిన్నాయనకన్నా అన్న కొడుక్కి కోపం తెప్పిస్తుందని తెలుసు. బేటరీ తీగ పీకి, తాళంచెవి అవ్వ దగ్గర ఇవ్వండి. ఇంజను కోసం వేసుకున్న చందాలో ముందు బ్రేకు సిలిండర్లు, గొట్టాలు మార్పించుదాము. ఎవరు ఏ ఏడు ఏమి మార్చినారో, గుర్తున్నంత వరకు మేము రాస్తున్నాము: 1991 ఇంజను, సైలెన్సరు తిప్పింది, తర్వాత రేడియేటరు, కరెంటు వైపరు. ముందు కట్టలకు ఒక ఆకు ఎక్కువ వేసింది ఏ ఏడో మాకు తెలియదు. కోవిల్‌పట్టి అత్తకు గుర్తుండొచ్చు, ఆ కట్టలు మోసుకొచ్చింది మామే. పొంగలికి మేము వస్తాము, అప్పటికి అడిగి పెట్టండి. కోయంబత్తూరు ఆయనకు మాత్రం వద్దని ఈ వారమే చెప్పేయండి, పాపం ఆయన ఇంకొకరికి అమ్ముకోవాల కదా.