ముందు మడిలో దిగాలి

పోయిన నెల జిల్లా కమిటీ సమావేశంలో ఒక ఉత్తరం చదివాం. విదేశాల నుంచి కొందరు కాలేజీ పిల్లలు మన గ్రామాలకు వచ్చి, మూడు వారాలుండి, సుస్థిర వ్యవసాయంలో రైతులకు స్వచ్ఛందంగా తోడ్పడతారట. ఉండడానికి చోటు చూపమని అడిగారు. “రానివ్వండి, అసలే కూలీలు దొరకని రోజులు” అన్నారు కొందరు. “వరికీ ఊదకూ తేడా తెలియనివాళ్లు మనకేం నేర్పుతారు?” అన్నారు ఇంకొందరు. జవాబు ఇచ్చేముందు, ఒక దేశం వాళ్లు ఇంకో దేశం రైతుకు చేసిన సాయం ఎక్కడ నిలబడిందో మనం చూడాలి.

అలా నిలబడిన సాయం మధ్య అమెరికాలో కనిపిస్తుంది. గ్వాటెమాలాలోని చిమాల్తెనాంగో ప్రాంతంలో కక్చికెల్ ఆదివాసీ రైతులు 1970లలో కొండవాలు చేలల్లో మట్టి కొట్టుకుపోకుండా కాలువలు తీసి, గట్లు వేసి మొక్కజొన్న దిగుబడి పెంచుకున్నారు. వాళ్లలో కొందరు సరిహద్దు దాటి మెక్సికోలోని త్లాస్కాలా రాష్ట్రంలో వీసెంతె గెర్రెరో అనే ఊరి రైతులకు ఆ పని చూపించారు. 1980ల చివరలో మెక్సికో రైతులు నికరాగ్వా వెళ్లి అక్కడి రైతు సంఘం ఉనాగ్ సభ్యులకు నేర్పారు. 1990లలో క్యూబా చిన్నరైతుల సంఘం అనాప్ ఇదే దారి పట్టింది. పదేళ్లు దాటేసరికి అక్కడ లక్షకు పైగా కుటుంబాలు ఇందులో చేరాయి. దీన్ని వాళ్లు ‘కాంపెసీనో అ కాంపెసీనో’ అంటారు. అంటే రైతు నుంచి రైతుకు అని.

వాళ్లు పట్టుకెళ్లినవి ఖరీదైనవేమీ కావు. మూడు కర్రలు నిచ్చెన కాళ్లలా కట్టి, మధ్యలో దారంతో రాయి వేలాడదీస్తే వాలు చేలో మట్టం తెలుస్తుంది. ఆ మట్టం వెంట గట్టు వేస్తారు. మనం దూలగొండి అనే తీగలోనే దురద లేని రకాన్ని మొక్కజొన్న చేలో పచ్చిరొట్టగా వేస్తారు. ఒకటి రెండు పనులతో మొదలుపెట్టాలి, ముందు చిన్న చెక్కలో చేసి చూడాలి, తన చేలో చేయనిది ఇంకొకరికి చెప్పకూడదు. ఇవే వాళ్ల నియమాలు.

1998లో మిచ్ తుఫాను ఆ దేశాలను ముంచింది. తుఫాను అంటే ఏమిటో దివిసీమ చూసిన మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. నీళ్లు తీశాక నికరాగ్వా, హోండురాస్, గ్వాటెమాలాలలో రైతులే జట్లుగా తిరిగి 1,800కు పైగా పొలాలను కొలిచారు. ఈ పద్ధతి పాటించిన పొలాన్ని, పాటించని పక్క పొలంతో పోల్చారు. పాటించిన చోట పైమట్టి ఎక్కువ మిగిలింది, తేమ నిలిచింది, నష్టం తగ్గింది.

మన రాష్ట్రంలోనూ 2016 నుంచి సాగుతున్న ప్రకృతి వ్యవసాయ కార్యక్రమంలో అనుభవమున్న రైతులు, డ్వాక్రా మహిళలు పక్క ఊళ్లకు వెళ్లి నేర్పుతున్నారు. ఆ కార్యక్రమం మీద మనకు కొన్ని విమర్శలున్నాయి. అయినా రైతు చెబితే రైతు వింటాడన్నది మాత్రం నిజం.

అయితే చదువుకునే పిల్లలు రాకూడదా? రావచ్చు. 1971లో ఇంగ్లండులో మొదలైన ‘వూఫ్’ పద్ధతిలో వచ్చినవాళ్లు రోజుకు కొన్ని గంటలు పొలం పని చేస్తారు, రైతు తిండి, చోటు ఇస్తాడు. వచ్చేవాడు నేర్చుకోవడానికే వస్తాడు కనుక అది నికరమైన బేరం. పిల్లల దగ్గర డబ్బు కట్టించుకుని, రెండు వారాలు పల్లె చూపించి, రైతులను ఉద్ధరించారని కాగితం ఇచ్చే వ్యాపారమూ ఉంది. దానికి మన ఊళ్లు వేదిక కాకూడదు.

ఇంకో మాట మరవకూడదు. నికరాగ్వాలో 1979 విప్లవం తర్వాత భూములు పంచారు. వేసిన గట్టు తనకే మిగులుతుందన్న నమ్మకం ఉంటేనే రైతు గట్టు వేస్తాడు. వచ్చే ఏడు చేను చేతిలో ఉంటుందో లేదో తెలియని మన కౌలు రైతు పచ్చిరొట్ట ఎందుకు వేస్తాడు? కౌలు కార్డు, బ్యాంకు అప్పు, గిట్టుబాటు ధర ఏ వాలంటీరూ తెచ్చి ఇవ్వలేడు. అవి మనం పోరాడి తెచ్చుకోవాల్సినవే.

అందుకే ఆ ఉత్తరానికి ఇలా రాద్దామని మా ప్రతిపాదన. రండి. మూడు వారాలు చాలవు, నాట్ల నుంచి కోతల దాకా ఉండండి. మొదటి నెల నేర్చుకోండి. మీ తిండి ఖర్చు రైతు మీద పడకూడదు, మీ వల్ల కూలీల పని పోకూడదు. ఏ కంపెనీ విత్తనమూ, మందూ వెంట తేవద్దు. తిరిగి వెళ్లాక మా పంటలతోపాటు మా అప్పుల సంగతీ మీ దేశంలో చెప్పండి. రేపు మన రైతు ఇంకో దేశం వెళ్లినా ఇవే నియమాలు.

గ్రామ కమిటీలు దీన్ని చర్చించి, కౌలు రైతులను, కూలీలను కూడా అడిగి, వచ్చే సమావేశంలోగా అభిప్రాయం రాసి పంపాలి.