శ్రుతి ఎక్కువైతే...

కిందటి నెల మా ఇంట్లో ఒకటే గొడవ. ఏడో తరగతి చదివే మా అమ్మాయి క్లారినెట్ పెట్టెను మంచం కిందకి తోసేసి, "ఇంక బ్యాండుకి వెళ్ళనమ్మా" అంది. శ్రుతి ఎక్కువగా ఉందని టీచరు అందరి ముందూ రెండుసార్లు ఆపించారట. "అద్దెది కదా, మంచిది కొనేద్దాం" అన్నారు మావారు. ధర చూశాక ఇద్దరం మాట్లాడలేదు.

ట్యూనర్ ముందు వాయించమన్నాను. మొదట ముల్లు మధ్యలోనే ఉంది. పది నిమిషాలకి పైకి పోయింది. అప్పుడు నా బీఎస్సీ ల్యాబు, శ్రుతిదండం, అనునాదం ప్రయోగం గుర్తొచ్చాయి. గాలి ఒక్కో డిగ్రీ వేడెక్కితే ధ్వని వేగం సెకనుకు సుమారు 0.6 మీటర్లు పెరుగుతుంది, స్వరమూ పైకి పోతుంది. దించాలంటే గొట్టం పొడవు పెంచాలి.

వీణకి బిరడలుంటాయి. క్లారినెట్‌కి ఆ పని చేసేది మౌత్‌పీస్ కింద ఉండే బ్యారెల్. దాన్ని మెల్లిగా తిప్పుతూ ఒక మిల్లీమీటరు లాగితే శ్రుతి దిగుతుంది. కానీ అన్ని స్వరాలూ సమానంగా దిగవు. కుండెడు పులుసులోనూ గిన్నెడు పులుసులోనూ ఒకే చిటికెడు ఉప్పు వేసినట్టు, పొట్టి గొట్టంతో పలికే స్వరాల మీదే ప్రభావం ఎక్కువ. పైగా బాగా లాగితే లోపల ఖాళీ గాడి ఏర్పడి ఆ స్వరాలు ఇంకా తేడాగా పలుకుతాయి. ఆ గాడిని నింపడానికే సన్నని ట్యూనింగ్ రింగులు దొరుకుతాయి. ఎప్పుడూ శ్రుతి ఎక్కువే ఉంటుంటే, 65 మిల్లీమీటర్ల బ్యారెల్ బదులు 66 లేదా 67 వాడొచ్చు.

కొనేముందు రెండు మాటలు. పెదవులు మరీ బిగించినా శ్రుతి పెరుగుతుంది, కాబట్టి ముందు టీచరుని అడగండి. వాయిద్యం కాస్త వేడెక్కాకే శ్రుతి చూసుకోవాలి. ఇక రింగు లోపల ఉండగా బ్యారెల్‌ని గట్టిగా నొక్కకండి, పెట్టెలో సర్దేటప్పుడు రింగు తీసి దాచండి.

మాకు ఒక్క రింగుతో సరిపోయింది. మొన్న కచేరీలో మా పిల్ల తల దించుకోకుండా వాయించింది. కారులో వస్తూ, "అమ్మా, నువ్వు ఫిజిక్స్ చదివావా?" అని అడిగింది. ఈ దేశం వచ్చిన పన్నెండేళ్ళలో నన్ను ఆ మాట అడిగినవాళ్ళు లేరు. ఇల్లు చేరేదాకా చెబుతూనే ఉన్నాను.