కొలిచి చేసిందే మోడల్

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు హెలికాప్టర్లు ఆహార పొట్లాలు జారవిడవడం టీవీలో చూశాం. ఆ బుడమేరు నీరు చివరికి చేరేది మన కొల్లేరుకే. అప్పటినుంచి మన హాస్టల్లో చాలామందికి హెలికాప్టర్ మోడల్ చెయ్యాలని ఆశ.

అయితే థర్మాకోల్ కోసి, రంగు పూసి, పైన ఫ్యాన్ గుచ్చితే అది బొమ్మ అవుతుంది గాని మోడల్ కాదని నా అభిప్రాయం. మోడల్‌కు కొలతే ప్రాణం.

మన సైన్యంలోని ధ్రువ్‌నే తీసుకోండి. హిందుస్థాన్ ఏరోనాటిక్స్ వారు తయారుచేసిన ఇది 1992 ఆగస్టు 20న తొలిసారి ఎగిరింది. పై రెక్కలు నాలుగు. అవి తిరిగే వలయం వ్యాసం 13.2 మీటర్లు. 60వ వంతు చేస్తే 22 సెంటీమీటర్లు. తలుపులు, కిటికీలు కూడా అదే లెక్కన తగ్గాలి. నౌకాదళం ధ్రువ్‌కు చక్రాలుంటాయి, వైమానిక దళం ధ్రువ్‌కు కింద రెండు కడ్డీలే. తోక రెక్కలు అలంకారం కాదు. పై రెక్కలు ఒకవైపు తిరిగితే హెలికాప్టర్ ఎదురువైపు తిరగబోతుంది. దాన్ని ఆపేవి అవే.

కొన్న కిట్ల పక్కన మన అట్టముక్కలు చిన్నబోతాయని కొందరు తమ్ముళ్లు సైన్స్ ఫెయిర్‌కు రావడం లేదు. అది తప్పు. స్కేలు, పెన్సిలు, పాత నోటుపుస్తకం అట్ట, చీపురుపుల్లలు, ఖాళీ రీఫిల్ చాలు. బహుమతులిచ్చే పెద్దలు కూడా మెరుపు చూడకుండా, "ఇది ఎన్నో వంతు బాబూ?" అని అడగాలి. అలా అడిగితే కైకలూరు హాస్టల్ కుర్రాడు ఎవరికీ తీసిపోడు.

— 10వ తరగతి విద్యార్థి