సహ సంచాలకుని కుర్చీకి దారి ఎక్కడ మొదలవుతుంది?

పట్టా చేతికి రాగానే ఉద్యోగమెక్కడ అన్న ప్రశ్న ప్రతి ఇంటా వినవస్తుంది. అది సహజమే. కాని ఆ ఉద్యోగం లభించిన పిదప పదిహేను సంవత్సరాలకు మనమెక్కడ ఉండగోరుతున్నామన్న ప్రశ్న అరుదుగా వినవస్తుంది. ఈ రెండవ ప్రశ్నను విద్యార్థుల ముందు, కళాశాల పాలకవర్గం ముందు ఉంచడమే మా ఉద్దేశం.

నేటి ఉద్యోగ ప్రకటనలలో 'అసోసియేట్ డైరెక్టర్' అనే హోదా తరచుగా కనబడుతున్నది. దీనిని తెలుగులో సహ సంచాలకుడు అనవచ్చు. ఈ మాట మన నేలకు కొత్తది కాదు. లాం, నంద్యాల, తిరుపతి, జగిత్యాల, పాలెం మొదలైన చోట్ల గల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానాల అధిపతులను సహ పరిశోధన సంచాలకులనే పిలుస్తారు. నేడు అదే హోదా ఔషధ సంస్థలలో, బ్యాంకులకు సేవలందించే కేంద్రాలలో, సాఫ్ట్‌వేర్ సంస్థలలో, వ్యాపార సలహా సంస్థలలో వినియోగంలో ఉన్నది.

పేరు ఒకటే అయినా బరువు ఒకటి కాదు. పరిశోధనా స్థానంలో అది ఒక ప్రాంతపు పరిశోధన భారమంతటినీ మోసే పదవి. ఔషధ సంస్థలో ఆ హోదా గలవారు మందుల ప్రయోగ ఫలితాలనో, భద్రతా నివేదికలనో, అనుమతులకై ప్రభుత్వాలకు సమర్పించే పత్రాలనో పర్యవేక్షిస్తారు. కొన్ని బ్యాంకులలో అది నిచ్చెనకు నడిమి మెట్టు మాత్రమే. మరొక సంగతి కూడా గుర్తుంచుకోవాలి. 2013 నాటి కంపెనీల చట్టం ప్రకారం డైరెక్టర్ అనగా పాలకమండలి సభ్యుడు. సహ సంచాలకుడు సాధారణంగా జీతంపై పనిచేసే ఉద్యోగి. కనుక హోదా పేరు చూచి మురిసిపోక, ఆ పదవి క్రింద ఎందరు పనిచేస్తారు, ఏ నిర్ణయం ఆ చేతిలో ఉంటుంది అని విచారించడం వివేకం.

ఇట్టి పదవులు హైదరాబాదులో ఒక్కనాట పుట్టుకొచ్చినవి కావు. 1961లో ఏర్పడిన ఐ.డి.పి.ఎల్. ప్రభుత్వ సంస్థ ఈ నగరంలో మందుల పరిశ్రమకు పునాది వేసింది. అందులో పనిచేసిన డాక్టర్ అంజిరెడ్డి 1984లో తమ స్వంత సంస్థను స్థాపించారు. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైనది. విదేశీ సంస్థలు తొలుత ఇక్కడికి పంపినది చాలావరకు చిల్లర పని: లెక్కలు సరిచూడడం, ఫోనుకు జవాబు చెప్పడం వంటివి. పని నమ్మకంగా సాగిన కొద్దీ పర్యవేక్షణ, పరిశోధన, నిర్ణయాధికారం కూడా ఇక్కడికి రాసాగాయి. నిర్ణయం వచ్చిన చోటనే పెద్ద కుర్చీ కూడా వస్తుంది.

'మొదటి మెట్టే అందనివారికి పదవ మెట్టు ముచ్చట ఎందుకు?' అని కొందరు ఆక్షేపించవచ్చు. ఆ బాధ మాకు తెలియనిది కాదు. ఇంటి అవసరం కొద్దీ దొరికిన పనిలో చేరక తప్పనివారు మనలో అనేకులు. అయితే ఈ మాట ఎక్కువ అవసరమైనది వారికే. పెద్ద ప్రకటనలు తరచుగా పది సంవత్సరాలకు తగ్గని అనుభవం కోరుతాయి. ఆ పదేళ్లూ ఒకే పనిని పదిమార్లు చేసినవి కారాదు. ఏటేటా ఒక కొత్త బాధ్యత చేరినవి కావాలి. హైదరాబాదులో చదువుకున్న సత్య నాదెళ్ల 1992లో మైక్రోసాఫ్ట్‌లో చేరి 2014లో దాని అధిపతి అయ్యారు. నడుమ గడచినవి ఇరువది రెండు సంవత్సరాలు.

ఉర్దూ మాధ్యమంలోనో, తెలుగు మాధ్యమంలోనో చదివి వచ్చిన విద్యార్థి సభలో నోరు విప్పడానికి జంకుతాడు. తెలిసిన విషయాన్ని ఇంగ్లీషులో రెండు పుటల నివేదికగా వ్రాయలేక వెనుకబడతాడు. ఇది తెలివి కొరత కాదు, అలవాటు కొరత. రెండు భాషల నడుమ పెరిగినవారికి మూడవ భాష పులి కాదు.

విద్యార్థినుల విషయం మరీ ఆలోచించదగినది. ఉద్యోగంలో ఎదుగుదల నిర్ణయమయ్యే అయిదవ ఏట నుండి పదవ ఏట వరకే పెళ్లి, పిల్లల పెంపకం వచ్చిపడతాయి. ఆ దశలోనే అనేకులు పని మానుకుంటారు. 2017లో సవరించిన ప్రసూతి ప్రయోజన చట్టం మొదటి ఇద్దరు బిడ్డలకు 26 వారాల వేతన సెలవును, 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న చోట శిశుసంరక్షణ గదిని విధించింది. చట్టం ఇచ్చినదానిని ఇల్లు కాదనరాదు.

పాలకవర్గానికి మా మనవి మూడు మాటలు. అన్ని శాఖల విద్యార్థులకు గణాంకశాస్త్ర ప్రాథమిక పాఠాలు, నివేదికా రచన వారానికి ఒక గంటయైనా నేర్పించండి. పూర్వ విద్యార్థుల పట్టిక తయారుచేసి, ఉద్యోగాలలో ఎదిగినవారిని ఏటా రప్పించి మాట్లాడించండి. గ్రంథాలయపు పలకపై చిన్న ఉద్యోగాల ప్రకటనలతోపాటు పెద్ద ఉద్యోగాల ప్రకటనలు కూడా అతికించండి.

విద్యార్థి సోదర సోదరీమణులకు ఒక్క సూచన. అట్టి ప్రకటనను దరఖాస్తు కొరకు కాక పాఠ్యప్రణాళికగా చదవండి. కోరిన అర్హతలను వరుసగా వ్రాసుకొని, ఉన్నవాటికి గుర్తు పెట్టి, లేనివాటిలో ఒకదానిని ఈ సంవత్సరమే మొదలుపెట్టండి. ఉద్యోగమిప్పిస్తామని ముందుగా సొమ్ము అడిగేవారిని మాత్రం దరిచేరనీయకండి.

కుర్చీ ఎత్తయినదని దూరం నుండి నమస్కరించి పోవడం మనకు తగదు. దాని మొదటి మెట్టు ఈ తరగతి గదులలోనే ఉన్నదని మా విశ్వాసం.