తెగిన వేళ్లు, దించిన శ్రుతి

ఒక సంగీత బృందం పాటలలో పేరుపొందినవాటిని ఏర్చి, ఒకే సంపుటిగా అమ్మడం రికార్డుల వ్యాపారంలో పాత ఆనవాయితీ. రసికులు సాధారణంగా వీటిని చిన్నచూపు చూస్తారు. అందులో క్రొత్త పాట ఉండదు, లాభమంతా వర్తకునిదే. అయినను కొన్ని సంపుటులను మొదటినుంచి చివరివరకు విన్నప్పుడు, విడివిడి పాటలలో తోచని చరిత్ర ఒకటి బయటపడుతుంది. 1975 డిసెంబరులో ఇంగ్లండులో వెలువడిన ‘వుయ్ సోల్డ్ అవర్ సోల్ ఫర్ రాక్ అండ్ రోల్’ అటువంటిది. బ్లాక్ సబ్బత్ అనే రాక్ బృందం 1970 మొదలు 1975 వరకు వెలువరించిన ఆరు ఆల్బములనుంచి ఏర్చిన పాటలు ఈ రెండు రికార్డుల సంపుటిలో ఉన్నవి.

జంషెడ్‌పూర్ వంటి ఉక్కునగరపు వాసులకు ఈ సంగీతం పరాయిదిగా తోచనక్కరలేదు. 1912 ఫిబ్రవరిలో సాక్చిలో మొదటి ఉక్కు దిమ్మె తయారైనది. ఆ ఉక్కు కర్మాగారం చుట్టూ పెరిగిన ఊరికి శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాలనుంచి ఎందరో తెలుగువారు బ్రతుకుతెరువుకై వెళ్లి స్థిరపడినారు. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం వారి ఉనికికి సాక్షి. కొలిమి సెగ, యంత్రాల హోరు వారికి తరతరాలుగా ఇంటి ముచ్చట్లే. బ్లాక్ సబ్బత్ పుట్టినచోటు కూడా కార్ఖానాల నడుమనే: బర్మింగ్‌హామ్ నగరంలోని ఆస్టన్ ప్రాంతం. గాయకుడు ఆజీ ఆస్‌బోర్న్ బృందంలో చేరకముందు కార్ల హారన్లను సరిచూసే పని చేసినాడు, కబేళాలోనూ పనిచేసినాడు.

అయితే ఈ బృందానికి దాని ధ్వనిని ఇచ్చినది గిటారు వాద్యకారుడు టోనీ అయోమీ. 1965లో, పదిహేడేళ్ల వయస్సులో, ఇతడు రేకుల కార్ఖానాలో పనిచేస్తూండేవాడు. సంగీతమే వృత్తిగా స్వీకరించదలచి ఉద్యోగం మానుకున్నాడు. ఆ చివరి రోజున, రానివాని బదులు ఇతనిని ఒక యంత్రం వద్ద నిలబెట్టినారు. యంత్రం కుడిచేతిపై పడి, మధ్యవ్రేలు, ఉంగరపువ్రేలు కొనలు తెగిపోయినవి. ఎడమచేతివాటం గలవాడు కనుక, తంత్రులను నొక్కవలసిన చేయి సరిగా అదే.

ఇక వాయించడం కల్ల అనుకున్నవేళ, కార్ఖానా అధికారి ఒకరు ఒక రికార్డు తెచ్చి వినిపించినాడు. అది జాంగో రైన్‌హార్ట్ వాదనం. 1928లో జరిగిన అగ్నిప్రమాదంలో అతని ఎడమచేతి రెండు వేళ్లు దాదాపు నిరుపయోగమైనవి. అయినను అతడు జాజ్ గిటారులో మహావిద్వాంసుడైనాడు. ఇది తెలిసి అయోమీ మళ్లీ పూనుకున్నాడు. ప్లాస్టిక్ సీసాను కరగించి వ్రేలికొనలకు తొడుగులు చేసుకొని, వాటికి తోలు అంటించినాడు. సన్నని తంత్రులు కట్టుకున్నాడు. 1971లో వచ్చిన మూడవ ఆల్బములో కొన్ని పాటలకు శ్రుతిని మూడు స్వరస్థానాలు దించినాడు.

వీణ ఎరిగిన పాఠకులకు ఇందులోని కిటుకు వెంటనే బోధపడుతుంది. తంత్రి సడలితే మెట్టుపై నొక్కడానికి అంత బలం అక్కరలేదు. శ్రుతి మంద్రానికి దిగి నాదం బరువెక్కుతుంది. ‘హెవీ మెటల్’ అని లోకం పిలిచే సంగీతానికి గల బరువులో కొంత, నొప్పిని తప్పించుకొనడానికి ఒక కార్మికుడు కనుగొన్న ఉపాయమే. సంపుటిని వరుసగా వింటే ఈ దిగుదల చెవికి స్పష్టంగా తెలుస్తుంది.

గాయమే కళను పుట్టించినదని మెచ్చుకొని ఊరుకోవడం మాత్రం న్యాయం కాదు. యంత్రానికి వేళ్లు బలియిచ్చినవారిలో ఎందరు అయోమీలు కాగలరు? మిగిలినవారికి కావలసినది కీర్తి కాదు, కూడు. జంషెడ్‌పూర్ కర్మాగారంలో ప్రమాద పరిహారం 1920లోనే అమలులోకి వచ్చినది. దేశమంతటికీ వర్తించే కార్మిక పరిహార చట్టం 1923లో గాని రాలేదు. చేయి ఒకరిది, యంత్రం ఒకరిది అయినచోట బాధ్యత ఎవరిది అన్న ప్రశ్నకు ఆ చట్టాలు కొంత సమాధానం.

అదే ప్రశ్న ఈ సంపుటికీ వర్తిస్తుంది. బృందం ప్రమేయం లేకుండానే కంపెనీ దీనిని విడుదల చేసినది. రేకుల కార్ఖానా విడిచి వచ్చినవాడు పాటల కార్ఖానాలోనూ తన శ్రమ ఫలితంపై అధికారం తనది కాదని తెలుసుకున్నాడు.

2025 జూలై 5న బృందంలోని తొలి నలుగురూ ఆస్టన్‌లోని విల్లా పార్క్ మైదానంలో చివరిసారి కలిసి వాయించినారు. పదిహేడు రోజుల తరువాత ఆస్‌బోర్న్ మరణించినాడు. ఏబది ఏండ్లనాటి ఈ సంపుటిని వినేవారు, గిటారు మంద్రంలోకి దిగినప్పుడెల్లా, ఆ బరువును మోసిన చేతిని ఒకసారి తలచుకొనడం ఉచితం. యంత్రాలకు రక్షక కవచాలు బిగించడం అంతకంటె ఉచితం.